జప్తుకు అందనివి

విశాఖపట్నంలో ఎవరైనా అప్పుల్లో కూరుకుపోయారని తెలిస్తే పూర్ణామార్కెట్ నుంచి గాజువాక దాకా వినిపించే మాట ఒకటే: ‘ఐపీ పెట్టేశాడట’, అంటే దివాలా పిటిషన్ వేశాడని. ఆ మాట వెనుక రెండు నమ్మకాలు పాతుకుపోయి ఉన్నాయి. ఐపీ పెట్టినవాడు అప్పిచ్చినవాళ్ల నోట్లో మట్టికొట్టి ఆస్తి దాచుకున్నాడన్నది ఒకటి. కోర్టు అమీనా గడపలోకి వస్తే గిన్నె, గరిటె కూడా మిగలవన్నది రెండోది. మొదటి నమ్మకం వల్ల నిజాయతీగా చితికిపోయినవాడు కోర్టుకు వెళ్లడానికి సిగ్గుపడతాడు. రెండోదాని వల్ల భయపడి, చట్టం ముట్టుకోవద్దన్న ఆస్తిని తానే అమ్మి వడ్డీలు కడతాడు. ఈ రెండూ తప్పని చట్టం చదివితే తెలుస్తుంది. అప్పు తీర్చలేని మనిషికి బతుకుదెరువు మిగలాలన్న సూత్రం మన చట్టాల్లో నూరేళ్లకు పైగా ఉంది. చిక్కల్లా ఇంకోచోట ఉంది. కోర్టు చెయ్యి పడకుండా చట్టం కాపాడినదాన్ని మనిషి తన సంతకంతో ముందే వదులుకుంటున్నాడు. ఏది మిగులుతుందో ఐపీ పెట్టేనాటికి కాదు, అప్పు పత్రం మీద సంతకం పడిన నాడే సగానికి పైగా తేలిపోతోంది. ఈ సంగతి పట్టించుకోకుండా దివాలా చట్టాన్ని ఎన్నిసార్లు సంస్కరించినా సామాన్యుడికి ఒరిగేది తక్కువ.

ముందు ఆ జాబితా చూద్దాం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షన్ అప్పు డిక్రీ కింద ఏవి జప్తు చేయవచ్చో చెప్పి, వెంటనే ఏవి చేయకూడదో చెబుతుంది. అప్పున్న మనిషికీ, భార్యాపిల్లలకూ కావలసిన కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు ముట్టుకోకూడదు. ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని నగలు తీయించకూడదు. మన ఇళ్లలో అంటే పుస్తెలు, మట్టెలు. చేతివృత్తివాడి పనిముట్లు, రైతు నాగలి, జీవనానికి అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు జప్తుకు అందవు. సొంతంగా సాగు చేసుకునే రైతు ఉంటున్న ఇల్లు, కూలీ ఉంటున్న ఇల్లు, ఇంటి పనివారి ఇల్లు వేలం వేయకూడదు. ఈ హక్కును వదులుకుంటున్నానని ఎవరైనా కాగితం రాయించుకున్నా అది చెల్లదని అదే సెక్షన్ చెబుతోంది. ప్రోనోటు వెనక ఏం రాయించుకున్నా ఆ రాత కోర్టులో నిలవదన్నమాట. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం, అంటే మనం ఐపీ అని పిలుచుకునే పిటిషన్ నడిచే చట్టం, ఈ జాబితానే తనలోకి తీసుకుంది. దివాలాదారుగా ప్రకటించిన రోజున ఆస్తంతా కోర్టు చేతిలోకి వెళ్లినా, జప్తుకు అందనివి అందులో చేరవు.

ఇది రాసిన కాలం గుర్తుంచుకోవాలి. 1908 నాటికి విశాఖకు ఇప్పటి పోర్టు లేదు. అది ప్రారంభమైంది 1933 డిసెంబరులో. ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది 1971లో. నాగలి, ఎద్దులు, గింజలు లెక్కపెట్టిన చట్టం నెలజీతాల నగరానికి సరిపోవడానికి చాలాకాలం పట్టింది. కూలీ ఇంటికి, ఇంటి పనివారి ఇంటికి రక్షణ 1976 సవరణతో వచ్చింది. ‘కూలీ’ అంటే నైపుణ్యం ఉన్నవాడూ లేనివాడూ వస్తాడని చట్టమే వివరించింది. కాబట్టి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు కష్టపడి కట్టుకున్న రెండు గదుల ఇంటిని ప్రోనోటు డిక్రీ కింద అమ్మించబోతే అతడు ఈ రక్షణ అడగవచ్చు. అతడి కూలి డబ్బు పూర్తిగా జప్తుకు అతీతం. అదే వీధిలో ఉన్న గుమస్తాకు, బడి పంతులుకు, చిన్న దుకాణదారుడికి ఇంటి మీద అలాంటి రక్షణ లేదు. వాళ్ల ఇల్లు అమ్ముడుపోతుంది. పేదవాడికి దక్కి మధ్యతరగతికి దక్కని హక్కులు మన దేశంలో అరుదు. అయినా పేదవాడికే ఇది తెలియదు.

జీతం లెక్క దగ్గరగా చూడదగ్గది. జీవనభృతి డిక్రీ కాకుండా మామూలు అప్పు డిక్రీ అయితే, జీతంలో మొదటి 1000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ఉద్యోగికి వదిలేయాలి. నెలకు 46,000 జీతం ఉన్న ఉద్యోగినే తీసుకోండి. మొదటి 1000 పక్కన పెడితే మిగిలేది 45,000. అందులో 30,000 అతడిదే. కోర్టు పట్టుకోగలిగింది 15,000. ఇంటికి చేరేది 31,000. ఆ పట్టు కూడా ఎల్లకాలం ఉండదు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు జీతం అటాచ్ అయ్యాక ఆ డిక్రీకి జీతం ఇక దొరకదు. వేర్వేరు డిక్రీలైనా 24 నెలల తర్వాత 12 నెలల విరామం ఇవ్వాలి. ఇది న్యాయమైన ఏర్పాటే. కానీ ఆ 1000 రూపాయల అంకె 2002 జూలైలో అమల్లోకి వచ్చింది. అంతకుముందు అది 400. ఇరవై ఏళ్లకు పైగా బియ్యం ధర, బస్సు చార్జీ, బడి ఫీజు పెరిగాయి, ఆ అంకె మాత్రం కదల్లేదు. తక్కువ జీతం మీద దీని దెబ్బ ఎక్కువ. 13,000 జీతగాడి నుంచి కూడా 4000 పట్టుకోవచ్చు. బతకడానికి కావలసిన కనీస మొత్తం ముందు వదిలిపెట్టి ఆపైనే వంతులు వేయాలన్నది ఈ నిబంధన ఉద్దేశం. ఇప్పుడది పేరుకే మిగిలింది.

రిటైర్మెంటు డబ్బు విషయంలో చట్టం మరింత గట్టిగా నిలబడింది. పీఎఫ్‌ను, గ్రాట్యుటీని జప్తు నుంచి కాపాడుతుంది. పెన్షన్లకు 60వ సెక్షన్‌లోనే రక్షణ ఉంది. 1976లో జ్యోతి చిట్‌ఫండ్ కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగి చేతికి చేరేదాకా పీఎఫ్ డబ్బు పీఎఫ్ డబ్బేనని చెప్పింది. చేతికొచ్చాక సంగతేమిటన్న ప్రశ్న 2008లో రాధేశ్యామ్ గుప్తా కేసులో ఎదురైంది. పెన్షన్, గ్రాట్యుటీ డబ్బును బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసుకున్నంత మాత్రాన దాని రక్షణ పోదని కోర్టు తేల్చింది. అప్పున్న మనిషి ప్రాణం మీద తీసుకున్న బీమా సొమ్ముకూ ఇలాంటి రక్షణే ఉంది. భార్యాపిల్లల పేర వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకున్న పాలసీ అయితే అది వాళ్ల కోసం ఉంచిన ట్రస్టు, అప్పులవాళ్లకు అందదు. 2024లో జీతాలు ఆలస్యంగా, విడతలుగా వచ్చి ఉక్కు ఉద్యోగుల ఈఎంఐలు తారుమారైన నగరమిది. ఇలాంటిచోట ఈ నాలుగైదు సంగతులు ప్రతి యూనియన్ ఆఫీసు గోడ మీదా ఉండాలి. రిటైరైనవాళ్లు, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాళ్లు పాత అప్పులకు భయపడి ఆ మూట మొత్తం అప్పజెప్పేస్తే, అది చట్టం అడిగినది కాదు. భయం అడిగినది.

ఇంతవరకు బాగానే ఉంది. మరి విశాఖలో మనుషులు ఇళ్లు, బంగారం, ఆటోలు, యంత్రాలు ఎందుకు పోగొట్టుకుంటున్నారు? జాబితాలోని ప్రతి రక్షణా తాకట్టులో లేని ఆస్తికే అక్కరకొస్తుంది గనుక. ఇంటి రుణం తీసుకున్నప్పుడే ఇల్లు తనఖాలోకి వెళ్లింది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసిచ్చి, డిక్రీ అక్కర్లేకుండానే ఆ ఇంటిని స్వాధీనం చేసుకుంటుంది. 60వ సెక్షన్ రక్షణ ఉన్న ఆస్తి అయినా, ఆ అప్పుకే ప్రత్యేకంగా తనఖా పెట్టి ఉంటే మినహాయింపు లేదని సర్ఫేసీ చట్టమే స్పష్టంగా చెబుతోంది. పుస్తెలు ఒంటి మీద ఉన్నంతసేపే కోర్టు వాటి జోలికి పోదు. గోల్డ్‌లోన్ కౌంటర్లో తూకం వేసి సంచిలో సీలు వేశాక అవి వేలానికి సిద్ధమైన సరుకు. ఫైనాన్సు మీద కొన్న ఆటో ఫైనాన్సు కంపెనీకి హామీ. ఆటోనగర్‌లో లేత్ మిషన్ బ్యాంకుకు హామీ. చీటీ పాడుకున్న మిత్రుడికి షూరిటీగా సంతకం పెట్టిన ఉద్యోగి, ఆ మిత్రుడు వాయిదాలు ఎగ్గొట్టగానే తన జీతం అటాచ్ అయిందని అకౌంట్స్ సెక్షన్‌లో తెలుసుకుంటాడు. మూడింట రెండు వంతులు వదలాలన్న నిబంధన కోర్టుకే గాని, ఖాతాలోంచి నేరుగా ఈఎంఐ లాక్కునే ఆటోడెబిట్‌కు లేదు. ఇక ఖాళీ చెక్కు సంగతి. పేదరికం వల్ల అప్పు కట్టలేకపోయినవాణ్ని జైలుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పిచ్చారు. కానీ అప్పుతోపాటు సంతకం చేసిచ్చిన చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు. రెండేళ్ల వరకు శిక్షకు అవకాశముంది. ఐపీ పెట్టినా అది ఆగదు.

ఇక జాబితాలోనే ఖాళీలూ ఉన్నాయి. ఫిషింగ్ హార్బరు అందుకు కళ్లెదుటి రుజువు. 2023 నవంబరు 19 రాత్రి అక్కడ మంటలు చెలరేగి దాదాపు 40 మరపడవలు దెబ్బతిన్నాయి. ప్రభుత్వం నష్టంలో 80 శాతం సాయంగా ప్రకటించింది. అది మంచి నిర్ణయం. అయితే అలాంటి సాయమే లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. పడవ కాలిపోయినా దాని మీది అప్పు కాలిపోదు. మరపడవ యజమాని 60వ సెక్షన్ తెరిస్తే రైతు కనిపిస్తాడు, చేతివృత్తివాడు కనిపిస్తాడు, కూలీ కనిపిస్తాడు, మత్స్యకారుడి పేరు ఎక్కడా కనిపించదు. రైతు అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థం నేల సాగు చేసి దాని మీదే బతికేవాడని. సముద్రం మీద బతికేవాడు అందులోకి రాడు. పడవలో పనిచేసే కలాసీ కూలీ కిందికి వస్తానని వాదించుకోవచ్చు. వలలు పనిముట్లేనని కోర్టును ఒప్పించుకోవచ్చు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో రాబడి ఆగిపోయే ఈ వృత్తికి సొంత గడప మీద రక్షణ పేరుపెట్టి రాసి ఉండాల్సింది. ఇంత పెద్ద తీరమున్న రాష్ట్రంలో ఆ సవరణ అడిగిన గొంతు గట్టిగా వినిపించకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

2016లో వచ్చిన దివాలా స్మృతి ఈ లోపాల్లో చాలావాటికి జవాబు రాసుకుని వచ్చింది. అందులో మూడో భాగం వ్యక్తుల కోసం. వృత్తికి, ఉద్యోగానికి అవసరమైన పనిముట్లు, పుస్తకాలు, వాహనాలు మినహాయింపులో ఉన్నాయి. ఇంటి అవసరాల సామాను, తిండిగింజలు, బీమా, పెన్షన్ పథకాలు ఉన్నాయి. రైతా, కూలీనా అని అడగకుండా ఎవరికైనా ఒక సొంత ఇల్లు ఉంది. ఏడాదికి 60,000 లోపు ఆదాయం, 20,000 లోపు ఆస్తి, 35,000 లోపు అప్పు ఉండి ఇల్లు లేని పేదవాడికి కొత్తగా మొదలుపెట్టుకునే దారి కూడా ఉంది. ఈ దరఖాస్తులు వినవలసింది రుణ వసూళ్ల ట్రైబ్యునల్ (డీఆర్‌టీ). అది విశాఖలోనే ఉంది. కానీ ఆ భాగాన్ని 2019 డిసెంబరు 1న ఒక్క వర్గానికే అమలు చేశారు: కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకు. 1920 చట్టాన్ని రద్దు చేసే సెక్షన్ కూడా అలాగే ఆగిపోయింది. ఫలితం ఆటోనగర్‌లో పక్కపక్క షెడ్లలో చూడవచ్చు. ఒక షెడ్డు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయి, యజమాని దాని రుణానికి హామీ సంతకం పెట్టి ఉంటే అతడికి 2016 చట్టం. పక్క షెడ్డు సొంత పేరు మీద నడిస్తే, అదే లేత్ మీద అదే పని చేసే యజమానికి 1920 చట్టం. అమల్లో ఉన్న ఆ కాస్త భాగంలోనూ అంకెలు నగరాన్ని చూసి రాసినవి కావు. నగల మినహాయింపు లక్ష రూపాయల దాకానే. ఇంటి మినహాయింపు పట్టణంలో 20 లక్షలు, పల్లెలో 10 లక్షలు దాటకూడదు. కూర్మన్నపాలెంలో, గాజువాకలో రెండు పడకగదుల ఫ్లాటు ఆ ధరకు ఎక్కడ దొరుకుతుంది? పైగా ప్రతి మినహాయింపు ముందూ ‘తాకట్టులో లేని’ అన్న షరతు ఉంది. మళ్లీ సంతకం దగ్గరికే వచ్చాం.

ఈ రక్షణలు పెంచాలంటే ఎదురయ్యే మొదటి అభ్యంతరం మోసం. కోస్తా పట్టణాల్లో చీటీలు, డిపాజిట్లు వసూలు చేసి రాత్రికి రాత్రి ఐపీ పెట్టి మాయమైన వ్యాపారుల కథలు జనం మరచిపోలేదు. వాళ్ల కోపం న్యాయమైనదే, కష్టార్జితం పోగొట్టుకున్న కోపమది. కానీ ఆ మోసాలు ఎలా జరిగాయో చూస్తే అవి మంచాలు, వంటపాత్రలు మిగుల్చుకోవడం వల్ల జరిగినవి కావు. ఆస్తిని బంధువుల పేర మార్చడం వల్ల, బినామీల వల్ల జరిగాయి. వాటికి మందు 1920 చట్టంలోనే ఉంది. దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన ఆస్తిని కోర్టు వెనక్కి తేవచ్చు. మూడు నెలల్లోపు ఒక్క అప్పులవాడికే పక్షపాతంగా చెల్లించినదాన్ని రద్దు చేయవచ్చు. లెక్కలు దాచినవాడికి ఏడాది దాకా జైలు. విడుదల ఉత్తర్వు వచ్చేదాకా కొత్తగా సంపాదించిన ఆస్తి కూడా కోర్టు చేతిలోకే వెళుతుంది. ఈ సెక్షన్లను గట్టిగా వాడితే మోసగాడు దొరుకుతాడు. మినహాయింపులు తగ్గిస్తే దొరికేది మోసం చేయనివాడే, ఎందుకంటే ఉన్నదంతా అతడి పేరు మీదే ఉంటుంది.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. రక్షణలు పెంచితే అప్పు పుట్టదు, పుట్టినా వడ్డీ పెరుగుతుంది, చివరికి నష్టపోయేది పేదవాడేనంటారు. ఇందులో కొంత నిజముంది కాబట్టి నిదానంగా చూడాలి. తాకట్టు మీద ఇచ్చే గృహరుణం, బంగారు రుణం మినహాయింపుల పరిధిలోనే లేవు. వాటి వడ్డీ పెరగడానికి కారణం లేదు. ఇక హామీ లేని అప్పు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఏడాదికి 3 లక్షల దాకా ఆదాయమున్న కుటుంబానికి ఇచ్చే సూక్ష్మరుణానికి తాకట్టు అడగకూడదు. ఆ కుటుంబం అన్ని అప్పులకూ కలిపి కట్టే వాయిదాలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. సంతకం ఎంత లాక్కోగలదో దానికి కూడా హద్దు పెట్టవచ్చని దేశం ఇక్కడ ఒప్పుకుంది. ఆ హద్దు పెట్టినా సూక్ష్మరుణాలు ఆగిపోలేదు. అదే సూత్రాన్ని జీతగాడి ఆటోడెబిట్‌కు, షూరిటీ సంతకానికి ఎందుకు వర్తింపజేయకూడదు? అమెరికాలో మన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన టెక్సాస్‌లో, ఇంటి తనఖా అప్పు వేరే సంగతి గాని, మామూలు అప్పులవాళ్లు నివాసగృహాన్ని ముట్టుకోలేరు. పట్టణంలో పదెకరాల వరకు ఆ ఇంటి ధరకు సాధారణంగా పరిమితి లేదు. అయినా అక్కడ అప్పు పుడుతూనే ఉంది. పనిముట్లు చేతిలో ఉన్నవాడు పదేళ్లకైనా ఎంతో కొంత కడతాడు. లేత్ పోయినవాడు ఏం కడతాడు?

తీసుకున్న అప్పు తీర్చడమే ధర్మం కదా అన్నది మూడో మాట. కాదనను. 77వ జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబం సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలోనే అత్యధికం. అప్పు తీర్చడం మన ఇళ్లలో పరువు సమస్య, ఆ పరువు కోసం ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. రుణమాఫీలు ఎన్నికలకు వస్తాయి, పోతాయి, ఎవరికి ఎంతో ప్రభుత్వం తేలుస్తుంది. దివాలా చట్టం అలా కాదు. ఉన్న ఆస్తి చూపించి, లెక్క అప్పజెప్పి, న్యాయమూర్తి ముందు నిలబడి అడిగే హక్కు అది. అది అడిగినవాణ్ని దొంగగా చూడడం మానాలి.

కాబట్టి కేంద్రం చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. దివాలా స్మృతి మూడో భాగాన్ని అందరికీ అమలు చేయాలి. 1000 రూపాయల అంకెను కనీస వేతనంతో ముడిపెట్టాలి. ఇంటి పరిమితిని నగరాల నేటి ధరలకు తేవాలి. మత్స్యకారుడి పేరు జాబితాలో చేర్చాలి. ఒక ఉద్యోగి జీతం మీద ఎన్ని షూరిటీలు, ఎన్ని ఆటోడెబిట్‌లు ఉండవచ్చో గీత గీయాలి. ఇవి జరిగేలోగా మీ చేతిలో ఉన్నవి మీరు వాడుకోండి. ఇది కూలీ ఇల్లని, ఇది పెన్షన్ డబ్బని మీరు చెబితే తప్ప కోర్టుకు తెలియదు. డిక్రీ అమలు నోటీసు అందగానే వెళ్లి ఆ అభ్యంతరం రాయించండి, వేలం ముగిశాక వెళ్తే కష్టం. సర్ఫేసీ చర్య మీద డీఆర్‌టీకి వెళ్లడానికి 45 రోజులే గడువు. వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఎవరికైనా షూరిటీ సంతకం పెట్టబోతున్నా, కొత్త అప్పు పత్రం ముందున్నా, ఆ ఫోనేదో సంతకానికి ముందే చేయండి.